రిపోర్టు సరే, నొప్పి ఎక్కడ?

ఎముకలు, కీళ్లపై పాఠకుల ప్రశ్నలకు తిరుపతి ఎముకల డాక్టరు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ప్రశ్న రెండు లైన్లుంటే, దానికి జతచేసిన రిపోర్టుల జిరాక్సులు నాలుగేసి పేజీలున్నాయి. నొప్పి ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే పెరుగుతుంది, రాత్రి నిద్ర పడుతోందా అన్నవి మాత్రం చాలామంది రాయలేదు. నాకు ముందు కావాల్సింది అవే. ఉన్నంతలో చెబుతున్నాను. పేర్లు తీసేసి ఊళ్లు మాత్రమే వేశాం.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మా అబ్బాయికి ఉద్యోగం వస్తే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను. ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నాకే రెండు మోకాళ్లూ నొప్పి. ఎక్స్‌రే తీసి, గుజ్జు అరిగింది, గ్రేడ్ 2 అన్నారు. ఎంఆర్‌ఐ కూడా తీయిస్తే మంచిదంటున్నారు. తీయించమంటారా? మొక్కు మాటేమిటి?
ఒక గృహిణి, చంద్రగిరి

జవాబు: అమ్మా, ముందు ఒక మాట గుర్తు తెచ్చుకుని చెప్పండి. ఎక్స్‌రే మిమ్మల్ని నిలబెట్టి తీశారా, బల్ల మీద పడుకోబెట్టి తీశారా? మీరు పంపిన ఫిల్ము ఫొటో మీద నిలబెట్టి తీసినట్టు గుర్తేమీ లేదు. ఇది చిన్న విషయం కాదు. మోకాలి కీలులో తొడ ఎముక, దాని కిందున్న పెద్ద ఎముక, ముందువైపు చిప్ప కలుస్తాయి. వాటి చివర్లను కప్పి ఉండే గుజ్జు ఎక్స్‌రేలో పడదు. పడేది ఎముకే. రెండు ఎముకల మధ్య కనిపించే నల్లటి సందును బట్టి, గుజ్జు ఎంత మిగిలిందో మేం అంచనా వేస్తాం. పడుకున్న మనిషి మోకాలి మీద బరువుండదు కాబట్టి, ఆ సందు ఉన్నదానికన్నా బాగా కనిపించవచ్చు. రెండు కాళ్ల మీదా బరువు మోపి నిలబడినప్పుడు తీసిన ఫిల్ములోనే అసలు సంగతి తెలుస్తుంది. ఎంఆర్‌ఐకి పెట్టే డబ్బులో చిన్న వంతుతో ఆ ఫిల్ము వస్తుంది.

గ్రేడు అన్నది కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు డాక్టర్లు 1957లో ప్రచురించిన లెక్క. సున్నా నుంచి నాలుగు దాకా ఉంటుంది. రెండు అంటే ఎముక అంచుల్లో చిన్న మొనలు తేలాయి, సందు కాస్త తగ్గి ఉండొచ్చు అని. అంతకుమించి భయపడాల్సింది లేదు. గ్రేడు 4 ఉండి కూడా చెనక్కాయ చేలో వంగి కలుపు తీసే ఆడవాళ్లను చూశాను. గ్రేడు 1 ఉండి మంచం దిగలేని వాళ్లనూ చూశాను. నొప్పి ఎంతన్నది ఫిల్ము చెప్పదు.

ఎంఆర్‌ఐ మీకు ఇప్పుడు అక్కర్లేదు. నడుస్తుండగా మోకాలు చటుక్కున ఇరుక్కుపోయి తెరుచుకోకపోయినా, మెలిక పడి ఆ రోజే బాగా వాచినా, కాలు ఉన్నట్టుండి జారిపోతున్నట్టు అనిపించినా అప్పుడు లోపలి లిగమెంట్లు (ఎముకలను కట్టి ఉంచే పట్టీలు), మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తటి దిండు) కోసం తీయించాలి. ఈ వయసులో గుజ్జు అరిగినవాళ్లకు తీస్తే, చాలామందికి మెనిస్కస్‌లో ఏదో ఒక చిరుగు రాస్తారు. దాన్ని చూసి ఆపరేషన్ మాట మొదలవుతుంది. అదే నాకు ఇష్టం లేదు.

నా దగ్గరికి వచ్చి ఉంటే నేను మోకాలి కంటే ముందు తుంటి తిప్పి చూసేవాణ్ణి. తుంటి కీలు చెడితే నొప్పి మోకాలి దగ్గర తెలియడం మామూలే. మోకాలికి ఎన్ని ఫిల్ములు తీసినా అది దొరకదు.

ఇక మొక్కు. అలిపిరి దారి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల వరకు ఉంటుంది. గాలిగోపురం దాకా వరుసగా ఎక్కుడే. ఆ తర్వాత చాలా దూరం కాళ్లకు తెరిపి దొరుకుతుంది. చివర్లో మోకాళ్ల మెట్లు మళ్లీ పరీక్ష పెడతాయి. మీ ఊరికి దగ్గర కదా అని శ్రీవారి మెట్టు దారి పట్టకండి. అక్కడ 2,388 మెట్లే గానీ రెండు కిలోమీటర్ల చిల్లరలోనే అంతా ఎక్కాలి. మెట్టెక్కేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడు రెట్లకు పైగా పడుతుంది. దిగేటప్పుడు ఇంకా ఎక్కువ, అదీ చిప్ప వెనక. మొక్కుకున్నది ఎక్కడానికే గానీ దిగడానికి కాదు కదా! దర్శనం చేసుకుని బస్సులో దిగిరండి.

దానికి ముందు మూడు నెలలు గడువు తీసుకోండి, స్వామి ఏమీ అనుకోడు. కుర్చీలో కూర్చుని, ఒక్కో కాలు నేలకు సమంగా చాపి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టి దించండి. పొద్దునా సాయంత్రం పదేసి సార్లు. తొడ ముందు కండ గట్టిపడితే మోకాలి బరువు అది మోస్తుంది. మెట్లెక్కే రోజున నొప్పి మాత్ర వేసుకుని, పరగడుపున ఎక్కేసే వాళ్లుంటారు. ఆ పని చేయొద్దు.

ప్రశ్న: వయసు 36. నెల నుంచి నడుం నొప్పి. ఎడమ కాలిలోకి కొద్దిగా లాగుతోంది. నేనే వెళ్లి ఎంఆర్‌ఐ తీయించుకున్నాను. ‘ఎల్4-ఎల్5 డిఫ్యూజ్ డిస్క్ బల్జ్, ఎల్5-ఎస్1 ప్రొట్రూజన్, థీకల్ శాక్ ఇండెంటేషన్’ అని ఉంది. అది చదివినప్పటి నుంచి టెన్షన్‌తో నిద్ర లేదు. ఆపరేషన్ తప్పదా?
ఒక బ్యాంకు ఉద్యోగి, చిత్తూరు

జవాబు: నాయనా, ఆ రిపోర్టు మీ కోసం రాసింది కాదు, డాక్టరు కోసం రాసింది. రేడియాలజిస్టు తనకు కనిపించిన ప్రతిదీ రాయాలి, అది ఆయన డ్యూటీ. ఏది నొప్పికి కారణమో తేల్చాల్సింది మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టి చూసిన మనిషి. మీరు ఆ మనిషి దగ్గరికి ఇంకా వెళ్లనే లేదు.

మెడలో ఏడు, వీపులో పన్నెండు, నడుములో అయిదు పూసలుంటాయి. కింద త్రికంలో (నడుం కింద, పిరుదుల మధ్య ఉండే ఎముక) అయిదు, తోకలో నాలుగు అతుక్కుపోయి ఉంటాయి. ఎల్4, ఎల్5 అంటే నడుములోని నాలుగో పూస, అయిదో పూస. ఎస్1 అంటే త్రికంలో మొదటిది. ఒంటి బరువంతా వచ్చి పడేదీ, మనం వంగినప్పుడు ఎక్కువ కదిలేదీ అక్కడే. అక్కడ పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు ముందుగా ఎండిపోయి కాస్త ఉబకడం, వయసుతో తల నెరిసినట్టే. నొప్పి అన్నదే ఎరగని ముప్పైల, నలభైల వాళ్లకు స్కాన్ తీసినా చాలామందిలో ‘బల్జ్’ కనిపిస్తుంది. ‘ప్రొట్రూజన్’ అంటే డిస్కు ఒక చోట ఇంకాస్త పొడుచుకు రావడం, ‘థీకల్ శాక్ ఇండెంటేషన్’ అంటే అది నరాల సంచికి కాస్త తగలడం. కాబట్టి ఆ మాటలు చూసి బెంగ వద్దు.

మీకు నేను చేసే పరీక్ష ఇది. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమ కాలు మెల్లగా పైకి లేపుతాను. సగం లేవకముందే నొప్పి పిక్క దాటి పాదం దాకా లాగితే నరం నిజంగా ఒత్తుకుంటోందని అనుమానం. తర్వాత కాలి బొటనవేలిని నా వేలికి ఎదురు పైకి లేపమంటాను. లేవకపోతే ఒత్తుకుంటున్నది ఎల్5 నరం. మునివేళ్ల మీద నడవమంటాను. ఎడమ మడమ లేవకపోతే దాని కింది ఎస్1 నరం. చీలమండ వెనక సుత్తితో తట్టి చూస్తాను. అయిదు నిమిషాల పని. ఇందులో తేలిన నరం, స్కాన్‌లో కనిపించిన చోటు ఒకటైతేనే ఆ స్కాన్‌కు విలువ. మీకు కుడివైపు బల్జ్ ఉండి నొప్పి ఎడమ కాలిలో ఉంటే, దాంతో మనకు పనే లేదు.

కాలిలోకి లాగే నడుం నొప్పి చాలామందిలో ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే సర్దుకుంటుంది. మంచం పట్టకండి, మెల్లగా తిరుగుతూ ఉండండి. బ్యాంకులో గంటకోసారి కుర్చీలోంచి లేవండి. కస్టమర్లు కాసేపు ఆగుతారు.

అయితే కొన్ని సంగతులుంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మూత్రం ఎప్పుడొస్తుందో తెలియకపోవడం, లేదా ఆగిపోవడం. మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు మొద్దుబారడం. పాదం ఈడ్చుకుపోవడం. ఇవి ఉంటే రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇంకొక రకం ఉంది, నెమ్మదిగా వస్తుంది: పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. మన దేశంలో వెన్నుపూసకు టీబీ రావడం అరుదేమీ కాదు. పెద్ద వయసులో నడుం నొప్పితో పాటు రక్తం తగ్గి, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) మరీ ఎక్కువగా ఉంటే ఎముక మూలుగకు సంబంధించిన క్యాన్సర్ కోసం కూడా చూస్తాం. అలాంటప్పుడు ఎంఆర్‌ఐ మొదటి వారంలోనే తీయించాలి. మీ ఉత్తరంలో వీటిలో ఒక్కటీ లేదు.

ప్రశ్న: మా ఏడేళ్ల పిల్లోడు చింతచెట్టు మీంచి పడ్డాడు. మోచెయ్యి వాచింది. ఆసుపత్రిలో దెబ్బ తగిలిన చేతికి, బాగున్న చేతికి కూడా ఎక్స్‌రే తీశారు. బాగున్నదానికి ఎందుకండీ? డబ్బు కోసమేనా? పిల్లోడికి కిరణాల వల్ల ఏమీ కాదా? ఇప్పుడు కట్టు వేశారు. మా నాయన మాత్రం పుత్తూరు కట్టు కట్టిద్దామని పోరుతున్నాడు.
ఒక రైతు, నారాయణవనం

జవాబు: బాగున్న చేతికి తీయడం డబ్బు కోసం కాదన్నా. ఏడేళ్ల పిల్లల మోచేతి ఎక్స్‌రే చదవడం మాకే కష్టం. పుట్టినప్పుడు మోచేతి చివర్లన్నీ మెత్తటి గుజ్జే, ఎక్స్‌రేలో కనిపించవు. సుమారు ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండేళ్ల వయసుల్లో ఒక్కొక్కటిగా ఆరు చోట్ల ఎముక ముక్కలు పుడతాయి. ఆడపిల్లల్లో కాస్త ముందే. తర్వాత అవన్నీ పెద్ద ఎముకలో కలిసిపోతాయి. అందాకా ఫిల్ములో ఎముక పక్కన విడిగా చిన్న ముక్క కనిపిస్తే, అది విరిగిన ముక్కా, పెరుగుతున్న ముక్కా అన్న సందేహం వస్తుంది. రెండో చేతిలో కూడా అదే చోట అదే ముక్క ఉంటే పెరుగుతున్నదే. అది తేలకుండా కట్టు కడితే, పెరిగే చోటు దెబ్బతిని చెయ్యి వంకర తిరగొచ్చు.

కిరణాల సంగతి. ప్రకృతిలో ఊరికే మన ఒంటికి తగిలే రేడియేషన్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. చేతికో కాలికో తీసే ఒక ఎక్స్‌రేలో పడేది అందులో ఒక రోజు వాటా కంటే తక్కువ. 1895లో రాంట్‌జెన్ తన భార్య చేతికి తీసిన ఆ పేరుమోసిన ఎక్స్‌రేకి ఆమె చెయ్యి పావుగంట సేపు కదలకుండా పెట్టాల్సి వచ్చిందట. ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. సీటీ స్కాన్ మాట వేరు, అందులో మోతాదు ఎక్కువ. పిల్లలకు దాన్ని ఊరికే రాయకూడదు.

పుత్తూరు కట్టు మీద నాకు చిన్నచూపు లేదు. గుడ్డు తెల్లసొన, ఆకు పసరు, వెదురు దబ్బలు, గుడ్డ. మా ఇంట్లో పెద్దవాళ్లు కట్టించుకున్నవాళ్లే. ఎముక జరగకుండా చిట్లినప్పుడు కదలకుండా పట్టి ఉంచితే చాలు, అది తనంతట తాను అతుక్కుంటుంది. మేం వేసే సిమెంట్ కట్టు చేసేదీ ఆ పనే. కానీ పిల్లల మోచెయ్యి ఆ లెక్కలోకి రాదు. మోచేతికి కాస్త పైన, ఎముక పలచగా ఉన్న చోట విరుగుతుంది. దాని ముందు నుంచే చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం, నరాలు పోతాయి. ఎముక జరిగి ఉంటే ఆపరేషన్ థియేటర్లో సరిచేసి, వైర్లు వేయాల్సి రావొచ్చు. మీరు పంపిన రిపోర్టులో మీవాడికి ఎముక జరగలేదని రాశారు, కట్టు చాలు. అది మార్చకండి.

ఎవరు కట్టిన కట్టయినా, మేం కట్టిందయినా, మొదటి రెండు రోజులు మీరు చూడాల్సింది ఒకటుంది. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనండి. చుట్టగలిగితే ఒక ముఖ్యమైన నరం బాగుందన్నమాట. తర్వాత వాడి వేళ్లను మీరే మెల్లగా చాపండి. చాపగానే కెవ్వుమని అరిస్తే, మందు వేసినా నొప్పి పెరుగుతూనే ఉంటే, కట్టు లోపల వాపు కండను పిసికేస్తోందని అర్థం. వేళ్లు నల్లబడేదాకా ఆగొద్దు, తెల్లారనీ అనుకోవద్దు. వెంటనే కట్టు కోయించండి. కొన్ని గంటలు ఆలస్యమైతే ముంజేతి కండ చచ్చి, వేళ్లు జీవితాంతం ముడుచుకుపోతాయి.

కట్టు తీశాక బిగుసుకుందని తైలంతో మర్దన చేయిస్తారేమో, అది కూడా వద్దు. మోచేతిని బలంగా మర్దిస్తే కండలో ఎముక పుట్టుకొస్తుంది. పిల్లోణ్ణి ఆడుకోనివ్వండి, చెయ్యి దానంతటదే సాగుతుంది.

ప్రశ్న: అర్ధరాత్రి కాలి బొటనవేలు మొదట్లో మంట, వాపు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. డాక్టరు గౌట్ అన్నారు. కానీ యూరిక్ యాసిడ్ 6.1 వచ్చింది, నార్మలే కదా?
వ్యాపారి, పలమనేరు

జవాబు: గౌట్ అంటే యూరిక్ యాసిడ్ కీలులో స్ఫటికాలుగా పేరుకుని వచ్చే వాపు. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు రక్తంలో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించవచ్చు. అంతా తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చేయించండి. అసలైన పరీక్ష కీలులోంచి సూదితో నీరు తీసి మైక్రోస్కోపు కింద చూడడం. సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తే ఇక వాదన లేదు. ‘దుప్పటి తగిలినా’ అని మీరు రాసిన ముక్క చదవగానే నాకూ గౌట్ అనే అనిపించింది. జ్వరం కూడా ఉంటే మాత్రం ఆ నీటిలో చీము లేదని తప్పకుండా తేల్చుకోవాలి.

దీనికి తిరగేసిన ప్రశ్నలూ చాలా వచ్చాయి: నొప్పేమీ లేదు, ప్యాకేజీ టెస్టులో యూరిక్ యాసిడ్ 7.8 వచ్చింది, మాత్రలు వాడాలా అని. ఒక్క నంబరు కోసం మాత్రలు సాధారణంగా వాడం. కిడ్నీలో రాళ్ల వంటి బాధలుంటే మీ డాక్టరు ఆలోచిస్తారు.

ప్రశ్న: ఆఫీసులో హెల్త్ చెకప్ చేయించారు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అని వచ్చింది. వయసు 29. అప్పుడప్పుడు ఒళ్లునొప్పులు తప్ప ఏమీ లేదు. కీళ్లవాతం వచ్చేసినట్టేనా? పెళ్లి సంబంధాలు చూస్తున్నారు.
ఒక ఉద్యోగిని, తిరుపతి

జవాబు: రాలేదు తల్లీ. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అంటే కీళ్లవాతం ఉన్నవాళ్ల రక్తంలో తరచుగా కనిపించే ఒక పదార్థం, అంతే. ఏ జబ్బూ లేని వాళ్లలో కూడా కొందరికి ఆ పరీక్ష పాజిటివ్ వస్తుంది, వయసు పెరిగితే ఇంకా ఎక్కువమందికి. జబ్బున్న వాళ్లలో కొందరికి నెగిటివ్ కూడా వస్తుంది. లక్షణాలు లేకుండా ప్యాకేజీలో ఈ టెస్టు ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మీరే చూసుకోండి. పొద్దున లేవగానే వేళ్లు గంటసేపు బిగుసుకుపోతున్నాయా? వేళ్ల కణుపులు, మణికట్లు రెండు చేతుల్లోనూ వాచి, ఆరు వారాలకు పైగా అలాగే ఉన్నాయా? ఎవరైనా చెయ్యి నొక్కి షేక్‌హ్యాండ్ ఇస్తే ప్రాణం పోతోందా? ఇవి ఉంటే రుమటాలజిస్టును, అంటే కీళ్లవాతం చూసే డాక్టరును కలవండి. కీళ్లవాతాన్ని పట్టే యాంటీ సీసీపీ, వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేయిస్తారు. యాంటీ సీసీపీ పాజిటివ్ అయితే దాన్ని తేలిగ్గా తీసుకోం. ఈ మధ్య చికున్‌గున్యా లాంటి జ్వరం వచ్చి ఉంటే అదీ చెప్పండి, ఆ కీళ్లనొప్పులు నెలల తరబడి ఉంటాయి. ఏమీ లేకపోతే ఆ కాగితం బీరువాలో పెట్టేయండి. సంబంధాల వాళ్లకు చూపించాల్సిన కాగితం కాదది.

ప్రశ్న: మా ఊళ్లో ఉచిత శిబిరంలో అమ్మ మడమ ఒక మెషీన్లో పెట్టి, ఎముక సాంద్రత మైనస్ 2.8 అన్నారు. అమ్మకు 67. ఇంజెక్షన్లు వేయించుకోమన్నారు. వేయించాలా?
కూతురు, పుంగనూరు

జవాబు: మడమకు పెట్టేది అల్ట్రాసౌండ్ మెషీను. ఎవరిని పెద్ద పరీక్షకు పంపాలో ఏరడానికి పనికొస్తుంది, అంతే. మైనస్ 2.5 దగ్గర గీత గీసి బోలు ఎముకల జబ్బు అనేది డెక్సా అనే (ఎక్స్‌రేతో ఎముక సాంద్రత కొలిచే) పరీక్షకు, అదీ తుంటికీ నడుముకీ తీసినప్పుడు. ఆ అంకె, ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోలిస్తే అమ్మ ఎముక ఎంత పలచనో చెబుతుంది. ఆ పరీక్షలో మైనస్ 1 పైన ఉంటే మామూలు, మైనస్ 1కీ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతోందని. మామూలు ఎక్స్‌రేలో ఇది తొందరగా తెలియదు. ఎముకలో దాదాపు మూడో వంతు పోతేగానీ ఫిల్ములో పలచగా కనిపించదు.

డెక్సాకు ముందు అమ్మను రెండు మాటలు అడగండి. నలభై దాటాక ఎప్పుడైనా నేల మీదే జారిపడి మణికట్టు విరిగిందా? చీర మునుపటిలా కట్టినా ఇప్పుడు కుచ్చిళ్లు నేలకు ఈడుస్తున్నాయా? ఈ రెండోది నేను ప్రతి పెద్దావిణ్ణీ అడుగుతాను. వెన్నుపూసలు ఒకదాని తర్వాత ఒకటి నలిగి ఎత్తు తగ్గుతుంటే, ఇంట్లో మొదట తెలిసేది చీరలోనే. బిందె ఎత్తగానే వీపులో కలుక్కుమని నెల రోజులు మంచంలో ఉన్నానని కూడా చెబితే, డెక్సా అంకె ఎంతైనా వీపుకు పక్కనుంచి ఒక ఎక్స్‌రే తీయాల్సిందే.

మందు మొదలుపెట్టే ముందు కాల్షియం, విటమిన్ డి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), థైరాయిడ్ చూడాలి. విటమిన్ డి విషయంలో జాగ్రత్త. వారానికొకటి వేసుకోవాల్సిన 60 వేల యూనిట్ల ప్యాకెట్టును రోజూ వేసుకుని, కాల్షియం పెరిగిపోయి వాంతులతో, కిడ్నీ దెబ్బతో వచ్చేవాళ్లున్నారు. రాగి సంగటి మానేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టమనండి. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. బియ్యంలో ఉండేది నామమాత్రం. ఇంట్లో తడి బాత్రూం, జారే గోనెపట్టా, రాత్రి చీకటి వరండా కూడా ఒకసారి చూసుకోండి. తుంటి విరిగేది అక్కడే.

ప్రశ్న: మడమ నొప్పి. ఎక్స్‌రేలో ఎముక ముల్లులా పెరిగిందన్నారు. కోసి తీసేయాలా?
నర్సు, రేణిగుంట

జవాబు: వద్దు. నొప్పి లేని మడమల్లో కూడా ఆ ముల్లు ఉంటుంది. మీ బాధ అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా ఉండే పట్టీది. పొద్దున మంచం దిగి వేసే మొదటి అడుగులు ప్రాణాంతకంగా ఉండి, కాస్త నడిచాక తగ్గుతుంటే ఇక పరీక్షలే అక్కర్లేదు. దిగేముందు పాదం మీ వైపు లాగి పిక్కను సాగదీయండి, మెత్తటి చెప్పులు వేసుకోండి. నెలలు పడుతుంది, ఓపిక పట్టాలి.

ప్రశ్న: బైక్ మీంచి పడి మూడు వారాలైంది. చెయ్యి ఆనించి పడ్డాను. ఆ రోజే ఎక్స్‌రే తీసి ఏమీ లేదు, బెణుకు అన్నారు. ఇప్పటికీ బైక్ యాక్సిలరేటర్ తిప్పలేకపోతున్నాను.
విద్యార్థి, తిరుపతి

జవాబు: బొటనవేలిని బాగా వెనక్కి ఎత్తి చూడు. దాని మొదట్లో, మణికట్టు పక్కన తాళ్లలా తేలే రెండు స్నాయువుల మధ్య చిన్న గుంట పడుతుంది. ఆ గుంటలో రెండో చేతి వేలితో నొక్కు. అక్కడ నొప్పి ఉంటే అది బెణుకు అనుకోవడానికి వీల్లేదు. మణికట్టులోని ఎనిమిది చిన్న ఎముకల్లో స్కాఫాయిడ్ అనేది సరిగ్గా ఆ గుంట అడుగున ఉంటుంది. అది చిట్లితే మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవడం మామూలే. పది పద్నాలుగు రోజులకు చీలిక అంచుల్లో ఎముక కాస్త కరిగి, గీత బయటపడుతుంది. నువ్వు ఆ గడువు దాటేశావు. రేపే వెళ్లి మళ్లీ ఎక్స్‌రే తీయించు. ‘స్కాఫాయిడ్ వ్యూ’ కావాలని చిట్టీ మీద రాయించుకో, మామూలు ఫిల్ము తీసి పంపేస్తారు. అందులోనూ లేక, గుంటలో నొప్పి మాత్రం ఉంటే, ఎంఆర్‌ఐ తీయించడానికి నేను వెనకాడను. ఆ ఎముకకు రక్తం వేలి వైపు నుంచి వెనక్కి పోతుంది. నడుమ విరిగితే వెనక ముక్కకు రక్తం అందక అది చచ్చిపోయే ప్రమాదం ఉంది. పాతికేళ్లలోపే మణికట్టు అరిగిన కుర్రాళ్లు ఇలాగే తయారవుతారు. అందాకా బొటనవేలు కదలకుండా పట్టీ వేసుకో, బైక్ ముట్టుకోకు.

ప్రశ్న: మా అత్తకు మెడ ఎంఆర్‌ఐ రాశారు. పదేళ్ల క్రితం తొడలో రాడ్ వేశారు. ఆవిడ తాళి తీయనంటోంది. ఏం చేయాలి?
కోడలు, శ్రీకాళహస్తి

జవాబు: ఎముకల్లో వేసే రాడ్లు, ప్లేట్లు చాలావరకు అయస్కాంతం లాగని లోహాలతోనే చేస్తారు. రాడ్ తొడలో ఉంది, స్కాన్ మెడకు కాబట్టి బొమ్మ కూడా చెడదు. అయినా ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లి టెక్నీషియన్‌కు చూపించండి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే, కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడి ఉంటే, అడక్కముందే చెప్పాలి. పేస్‌మేకర్లలో కొన్నింటికి ఎంఆర్‌ఐ కుదురుతుంది, కొన్నింటికి కుదరదు.

తాళి విషయంలో భయం బంగారం గురించి కాదు, బంగారాన్ని అయస్కాంతం లాగదు. మన ఆడవాళ్లు ఆ గొలుసుకు నాలుగైదు పిన్నీసులు తగిలించుకుంటారు చూడండి, వాటి గురించి. అవి ఊడి గాల్లో ఎగురుతాయి. మెడ స్కాన్‌లో గొలుసు అడ్డం పడి బొమ్మ కూడా చెడుతుంది. ఇంటి నుంచి బయల్దేరేముందే పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి మెడలో వేసి, గొలుసు తీసి మీ దగ్గర పెట్టుకోండి. అత్త ఒప్పుకుంటుంది. పిన్నీసులు జాకెట్టుకు, చీర కొంగుకు కూడా ఉంటాయి, అవీ లెక్కపెట్టి తీయించండి.